రెండు బ్యాండ్లు, ఒక్క యాంటెన్నా: ముందు భాగహారం చెయ్యండి

ఈ నెల మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి, రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే యాంటెన్నా ఒక్కటే చేసుకోవడం ఎలా అని. ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ కదా, ఆశ్చర్యం లేదు. కానీ కోల్డ్ స్టోరేజీ యజమాని నుంచి, భూమి కొలిచే కుర్రాడి నుంచి కూడా అదే ప్రశ్న వచ్చేసరికి మిగతావి వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాను. ఉత్తరాలని కొంచెం కుదించాను, విషయం మార్చలేదు.

ప్రశ్న: సార్, నేను గుంటూరులో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. మా బ్యాచ్ ప్రాజెక్టు వైఫై కోసం 2.4, 5 గిగాహెర్ట్జ్‌ల డ్యూయల్ బ్యాండ్ ప్యాచ్ యాంటెన్నా (బోర్డు మీద చదునైన రాగి రేకు). ఎఫ్ఆర్-4 బోర్డు మీద దీర్ఘచతురస్రం ప్యాచ్, దాంట్లో యూ ఆకారంలో స్లాట్ (కోసిన సందు). సిమ్యులేషన్‌లో 2.45 దగ్గర మైనస్ 28 డీబీ, 5.5 దగ్గర మైనస్ 22 డీబీ వచ్చాయి (ఎస్11, అంటే యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్). బోర్డు చేయించి కొలిస్తే కింది డిప్ (గ్రాఫ్‌లో గుంట) 2.51కి, పైది 5.64కి జరిగిపోయాయి. స్లాట్ పొడవు మారిస్తే రెండూ కదులుతున్నాయి, ఒకటి సరిచేస్తే రెండోది పోతోంది. వైవా దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. (విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: టెన్షన్ పడకమ్మా, నువ్వు పంపిన అంకెల్లోనే సగం జవాబు ఉంది. 2.51ని 2.45తో భాగించు, 5.64ని 5.5తో భాగించు. రెండూ దాదాపు రెండున్నర శాతం పైకి జరిగాయి. రెండు డిప్‌లూ ఒకే శాతం జరిగితే తప్పు నీ స్లాట్‌ది కాదు, బోర్డుది. సిమ్యులేషన్‌లో ఎఫ్ఆర్-4 పర్మిటివిటీ (బోర్డు తరంగాన్ని ఎంత కుదిస్తుందో చెప్పే అంకె) అందరిలాగే 4.4 అని పెట్టి ఉంటావు. ఎఫ్ఆర్-4 అనేది సర్క్యూట్ బోర్డుల కోసం తయారయ్యే సరుకు, యాంటెన్నాల కోసం కాదు, కాబట్టి ఆ విలువ కంపెనీని బట్టి, బ్యాచ్‌ని బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూనే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ఆ విలువ వర్గమూలానికి విలోమంగా నడుస్తుంది, అంటే 4.4 బదులు నిజంగా 4.2 ఉంటే రెండు శాతం పైచిలుకు పైకి పోవడం ఖాయం. 2.45 దగ్గర అది 60 మెగాహెర్ట్జ్‌ల లోపు కనిపించే చిన్న అంకే కానీ 2.4 బ్యాండ్ మొత్తం వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్‌లు! సాఫ్ట్‌వేర్‌లో 4.2 పెట్టి మళ్లీ నడుపు, నీ కొలత దాదాపు అలాగే వస్తుంది. ఆ తర్వాత ప్యాచ్‌నీ స్లాట్‌నీ అదే శాతం పెంచి కొత్త బోర్డు చేయించు. ఒకవేళ ఒక డిప్ మాత్రమే జరిగి రెండోది కదలకపోయి ఉంటే అప్పుడు స్లాట్ కొలతల్నీ ఎచింగ్‌నీ అనుమానించాలి.

ఇక ఒకటి కదిపితే రెండోది ఎందుకు కదులుతోంది అన్నది. సిమ్యులేషన్‌లో సర్ఫేస్ కరెంట్ బొమ్మ (రాగి మీద కరెంట్ ఎక్కడ ఎంతుందో రంగుల్లో చూపేది) తీసి చూశావా? చాలామంది ఎస్11 గ్రాఫ్ చూసి అక్కడితో ఆగిపోతారు. 2.45 దగ్గర ఒకసారి, 5.5 దగ్గర ఒకసారి కరెంట్ ఎక్కడ ఎర్రగా ఉందో చూడు. రెండు బొమ్మల్లోనూ స్లాట్ అంచులే ఎర్రగా ఉంటే ఆ అంచుని రెండు బ్యాండ్లూ పంచుకుంటున్నట్టు. పంచుకున్న చోట కత్తెర పెడితే ఇద్దరికీ తగులుతుంది. ఒక బ్యాండ్‌లో ఎర్రగా, రెండో బ్యాండ్‌లో నీలంగా ఉన్న చోటు వెతికి అక్కడ మాత్రమే మార్చు.

ఇంకా టైముంటే మాత్రం నా సలహా వేరే. ప్యాచ్ వదిలెయ్. ఎందుకంటే మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ వైఫై 5150 నుంచి 5875 మెగాహెర్ట్జ్‌ల దాకా పరుచుకుని ఉంది (మధ్యలో కొంచెం ఖాళీ ఉంది, దాన్ని పక్కన పెట్టు), అంటే మధ్య ఫ్రీక్వెన్సీలో 13 శాతం వెడల్పు. 1.6 మిల్లీమీటర్ల మందం బోర్డు మీద మామూలు ప్యాచ్ అందులో చిన్న ముక్కనే అందుకుంటుంది. 5.5 దగ్గర ఒక డిప్ వచ్చింది కాబట్టి 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వచ్చేసింది అని రిపోర్టులో రాస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

రెండు బ్యాండ్ల యాంటెన్నా ఏదైనా సరే, గీత గీసే ముందు పై ఫ్రీక్వెన్సీని కింది ఫ్రీక్వెన్సీతో భాగించాలి. ఆ నిష్పత్తిని బట్టే ఆకారం ఎంచుకోవాలి. నీ విషయంలో 5.5ని 2.45తో భాగిస్తే 2.24 వస్తుంది. ఇది రెండు చేతుల మోనోపోల్‌కి (గ్రౌండ్‌ని ఆధారం చేసుకుని నిలబడే రాడ్ రకం యాంటెన్నాకి) మంచి నిష్పత్తి. ఒకే ఫీడ్ (సిగ్నల్ ఇచ్చే చోటు) నుంచి పొడవు చెయ్యి ఒకటి, పొట్టి చెయ్యి ఒకటి. పొడవుది 2.45 దగ్గర పావు తరంగం, అంటే తరంగం పొడవులో నాలుగో వంతు. అదే చెయ్యి 5.5 దగ్గర సగం తరంగం కన్నా కాస్త ఎక్కువ అవుతుంది, అప్పుడు ఫీడ్ దగ్గర దాని ఇంపెడెన్స్ (కరెంట్‌కి అడ్డు) బాగా ఎక్కువగా ఉంటుంది కాబట్టి కరెంట్ అటు పోవడానికి ఇష్టపడదు, పొట్టి చేతిలోకి పోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఒక కాలువ షట్టర్లు దించేస్తే నీళ్లు రెండో కాలువలోకి మళ్లినట్టు. 2.45 దగ్గర దీనికి తిరగేసి, పొట్టి చెయ్యి మరీ పొట్టిదై పోయి కరెంట్‌ని పెద్దగా తీసుకోదు. షట్టర్ వేసే మనిషి ఎవరూ అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీయే వేసుకుంటుంది.

కొలతలు ఎక్కడ మొదలుపెట్టాలి అంటావా, గాలిలో పావు తరంగం 2.45కి 30.6 మిల్లీమీటర్లు, 5.5కి 13.6. వెనక గ్రౌండ్ లేని బోర్డు మీద ఇవి కొంత కుదించుకుపోతాయి, 24, 11 దగ్గర మొదలుపెట్టి చూడు. ముందు పొడవు చెయ్యి సరిచెయ్యి, తర్వాత పొట్టిది, ఆ తర్వాత పొడవుది ఇంకోసారి కొంచెం ముట్టుకోవాల్సి వస్తుంది, అంతే. ఈ పని చేస్తున్నంతసేపూ గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌గా ఉండే రాగి భాగం) సైజు మార్చొద్దు, మోనోపోల్‌లో గ్రౌండే సగం యాంటెన్నా, దాన్ని కోస్తే లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు చేయించేటప్పుడు చేతులు ఒక మిల్లీమీటరు పొడుగ్గానే పెట్టించు. బ్లేడుతో రాగిని గీకెయ్యడం తేలిక, అతికించడం కష్టం (రాగి టేపు ఉంటే అదీ కష్టం కాదనుకో).

చివరిగా ఆ మైనస్ 28 గురించి. మైనస్ 10 డీబీ అంటే పంపిన పవర్‌లో పది శాతం వెనక్కి వస్తోంది. మైనస్ 28 అంటే వెయ్యిలో రెండు వంతులు కూడా రావట్లేదు. ఈ రెండింటికీ మధ్య బయటికి పోయే సిగ్నల్‌లో తేడా అర డీబీ కూడా లేదు. అదే ఎఫ్ఆర్-4 ప్యాచ్‌లో లోపలికి పోయిన పవర్‌లో సగం దాకా బోర్డులోనే వేడైపోవడం మామూలు విషయం, అంటే 3 డీబీ. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ని మింగి వేడి చేసే రెసిస్టర్) తగిలించి చూడు, నీ యాంటెన్నా కన్నా అందమైన ఎస్11 వస్తుంది, రెండు బ్యాండ్లేం ఖర్మ అన్ని బ్యాండ్లలోనూ, కానీ అది ఒక్క అడుగు దూరం కూడా పంపదు. వైవాలో గ్రాఫ్ లోతు చూపించడం తగ్గించి రెండు బ్యాండ్లలోనూ గెయిన్ (ఒక దిశలోకి ఎంత గట్టిగా పంపుతోంది), ఎఫిషియెన్సీ, ప్యాటర్న్ (ఏ దిశలోకి ఎంత పోతోంది) చూపించు. కొలిచే చాంబర్ మీ కాలేజీలో లేకపోతే రెండు ఒకే రకం యాంటెన్నాల మధ్య మీటరున్నర దూరం పెట్టి ట్రాన్స్‌మిషన్ కొలిచినా గెయిన్ అంచనా దొరుకుతుంది. రెండూ ఒకటే కాబట్టి దారిలో పోయే నష్టం లెక్కకట్టి తీసేసి మిగిలిన డీబీలని సగం చేస్తే ఒక్కోదాని గెయిన్. గోడలకీ ఇనుప బల్లలకీ దూరంగా, వీలైతే మేడ మీద చెయ్యి.

ప్రశ్న: డ్యూయల్ బ్యాండ్ అన్నా వైడ్ బ్యాండ్ అన్నా ఒకటే కదా, అన్నీ అందుకునేది చేసేస్తే ఈ తలనొప్పి ఉండదుగా? (విజయవాడ)

జవాబు: ఒకటి కాదు. వైడ్ బ్యాండ్ మధ్యలో ఉన్నదంతా కూడా లోపలికి తెస్తుంది. మీ ఇంటి ఎదురు బిల్డింగ్ మీద సెల్ టవర్ ఉంటే ఆ సిగ్నల్ కూడా రిసీవర్ నెత్తిన పడుతుంది, చవక రిసీవర్లు అక్కడే చచ్చిపోతాయి. డ్యూయల్ బ్యాండ్ యాంటెన్నా మధ్యలోవాటిని తనంతట తనే కొంత ఆపేస్తుంది, అది ఉచితంగా వచ్చే ఫిల్టర్. స్కానర్‌తో అన్నీ వినాలనే సరదా ఉంటే మాత్రం డిస్కోన్ లాంటి వైడ్ బ్యాండే పెట్టుకోండి.

ప్రశ్న: నమస్కారమండీ. రైల్వేలో రిటైరయ్యాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంటి కింది అంతస్తు మునిగింది, కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయాయి. ఆ తర్వాతే హామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ల) లైసెన్సుకి పరీక్ష రాసి పాసయ్యాను. ఇప్పుడు మేడ మీద ఒకే రాడ్‌తో 145, 435 మెగాహెర్ట్జ్‌లు రెండూ నడపాలని ఉంది. 145కి కోసిన రాడ్ 435లో కూడా బాగానే మ్యాచ్ అవుతోంది, మరి దూరం ఎందుకు పోవట్లేదు? (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: ఈ వయసులో పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నందుకు ముందు మీకు నమస్కారమండీ. లైసెన్సు లేకుండా చవక హ్యాండ్‌సెట్ కొని పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కేసే కుర్రాళ్లకి మీ ఉత్తరం చూపించాలి.

ఇక్కడ కూడా భాగహారమే. 435ని 145తో భాగిస్తే సరిగ్గా మూడు. ఈ మూడు చాలా మాయ చేసే అంకె. 145కి పావు తరంగం రాడ్ సుమారు 49 సెంటీమీటర్లు. అదే రాడ్ 435 దగ్గర ముప్పావు తరంగం అవుతుంది, ముప్పావు తరంగం రాడ్‌కి కూడా అడుగున ఇంపెడెన్స్ తక్కువే కాబట్టి మీ మీటరు బాగుందనే చెబుతుంది. మీటరు అబద్ధం చెప్పట్లేదు, మీరు అడగని విషయం చెప్పట్లేదంతే. పావు తరంగం రాడ్‌లో కరెంట్ అంతా ఒకే దిశలో ఉంటుంది, సిగ్నల్ అడ్డంగా, నేలకి సమాంతరంగా పోతుంది. ముప్పావు తరంగంలో అడుగు మూడో వంతులో కరెంట్ ఒక దిశలో ఉంటే పైనున్న రెండు వంతుల్లో తిరగబడుతుంది, అందువల్ల పెద్ద లోబ్ (సిగ్నల్ ఎక్కువగా పోయే భాగం) 45 డిగ్రీల వాటంలో ఆకాశంలోకి లేస్తుంది, దానితో పోలిస్తే అడ్డంగా పోయేది లెక్క ప్రకారమే 3 డీబీ తక్కువ, చిన్న రేడియల్స్ (రాడ్ అడుగున గ్రౌండ్‌గా పెట్టే తీగలు) ఉన్న మేడ మీద ఇంకా తగ్గొచ్చు. మీరు మాట్లాడాల్సిన మనిషి గన్నవరంలోనో తాడేపల్లిలోనో ఉంటాడు గానీ మేఘాల్లో ఉండడు కదా.

దీనికితోడు కేబుల్. మీరు ఆర్‌జీ-58 వాడుతున్నానని రాశారు, పది మీటర్లకి 145 దగ్గర 2 డీబీ, 435 దగ్గర మూడున్నర డీబీకి పైనే పోతుంది. అంటే 435లో మీ సెట్ ఇచ్చిన పవర్‌లో సగానికి పైగా మేడ ఎక్కే లోపలే ఖర్చయిపోతోంది. ముందు ఆర్‌జీ-213 గానీ ఎల్‌ఎంఆర్-400 రకం గానీ వెయ్యండి, యాంటెన్నా ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది.

రాడ్ విషయానికొస్తే, 49 సెంటీమీటర్ల రాడ్ పక్కనే 16 సెంటీమీటర్ల రాడ్ ఇంకోటి పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. పైన ఆ అమ్మాయికి చెప్పిన రెండు చేతుల కిటుకు ఇక్కడ పనిచెయ్యదు. నిష్పత్తి రెండు దగ్గర ఉంటే పొడవుది తనంతట తను తప్పుకుంటుంది, మూడు అయితే తప్పుకోదు, రెండింట్లోకీ కరెంట్ పోతుంది, ప్యాటర్న్ కలగాపులగం అవుతుంది. కాబట్టి బలవంతంగా తప్పించాలి. అడుగు నుంచి 16 సెంటీమీటర్ల దగ్గర రాడ్‌ని తెంచి అక్కడ 435కి ట్యూన్ చేసిన ట్రాప్, అంటే కాయిల్‌కి పక్కనే కెపాసిటర్, పెడితే 435కి పై ముక్క లేనట్టే. 145కి ఆ ట్రాప్ కాయిల్‌లా పనిచేసి మొత్తం పొడవుని కొంచెం తగ్గించనిస్తుంది కూడా. బజారులో దొరికే డ్యూయల్ బ్యాండ్ విప్‌ల (వంగే సన్న రాడ్ల) మధ్యలో కనిపించే కాయిల్ చేసే పనీ ఇలాంటిదే, పై ముక్కని తప్పించడమో లేక తిరగబడ్డ కరెంట్‌ని మళ్లీ దారికి తేవడమో. ఇంకో దారి, పాత దూరదర్శన్ యాంటెన్నాలకి వాడిన 300 ఓమ్‌ల బల్లపరుపు రిబ్బన్ వైర్ దొరికితే దాంతో జే-పోల్ (జే అక్షరం ఆకారపు యాంటెన్నా) చేసి 435 కోసం ఒక స్టబ్‌తో (కొలిచి కోసిన చిన్న వైరు ముక్కతో) పై భాగాన్ని విడగొట్టడం. పీవీసీ గొట్టంలో పెట్టేస్తే వానకీ ఎండకీ ఢోకా ఉండదు.

నన్నడిగితే, మేడ మీ సొంతం కాబట్టి రెండు విడి యాంటెన్నాలు పెట్టి కింద డైప్లెక్సర్‌తో (రెండు బ్యాండ్లని కలిపి, విడదీసే పెట్టెతో) ఒకే కేబుల్లో కలిపెయ్యండి. ఒక్క రాడ్‌తో రెండూ చెయ్యడం కారు మీదా చేతి సెట్ మీదా తప్పనిసరి, మేడ మీద సరదా. మళ్లీ వరద వచ్చిన రోజున రెండింట్లో ఒకటి గాలికి పడిపోయినా రెండోది మిగులుతుంది.

ఆ పాత రాడ్ మాత్రం పారెయ్యకండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హామ్ రిపీటర్ 145.990లో విని 437.800లో తిరిగి పంపుతుంది. అది మన ఊరి మీదుగా పోయేటప్పుడు ఆకాశంలోకి లేచే ఆ లోబే మీకు పనికొస్తుంది.

ప్రశ్న: 7 మెగాహెర్ట్జ్‌కి కట్టిన డైపోల్ (మధ్యలో ఫీడ్ చేసే వైర్ యాంటెన్నా) 21లో చక్కగా పనిచేస్తోంది, 14లో మాత్రం ట్యూనర్ (యాంటెన్నాని సెట్‌కి మ్యాచ్ చేసే పెట్టె) కూడా చేతులెత్తేస్తోంది. ఇదేం న్యాయం? (పటమట, విజయవాడ)

జవాబు: 21 భాగహారం 7, మూడు. 14 భాగహారం 7, రెండు. మూడు అయితే మధ్యలో ఫీడ్ చేసిన డైపోల్‌కి మధ్యలో కరెంట్ గరిష్ఠంగా ఉంటుంది, కోయాక్స్ కేబుల్‌కి నప్పుతుంది. రెండు అయితే మొత్తం వైర్ ఒక పూర్తి తరంగం, సరిగ్గా మీరు ఫీడ్ చేసే మధ్య బిందువు దగ్గర కరెంట్ దాదాపు సున్నా, ఇంపెడెన్స్ కొన్ని వేల ఓమ్‌లు. వైర్ 14లో కూడా రెజొనెన్స్‌లోనే (ఆ ఫ్రీక్వెన్సీకి సరిపోయే పొడవులోనే) ఉందండీ, మీరు తలుపు లేని గోడ దగ్గర నిలబడ్డారంతే. (21లో కూడా రెజొనెన్స్ సరిగ్గా మూడింతల దగ్గర రాదు, కాస్త పైకి వస్తుంది, చివర్ల ప్రభావం మూడు ముక్కలకీ కాకుండా రెండు చివర్లకే ఉంటుంది కాబట్టి.)

కాబట్టి వైర్ మార్చక్కర్లేదు, ఫీడ్ చోటు మార్చండి. అదే 20 మీటర్ల వైర్‌ని ఒక చివర నుంచి 49కి 1 ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫీడ్ చేస్తే 7, 14, 21, 28 అన్నీ వస్తాయి, ఎందుకంటే చివర ఎప్పుడూ హై ఇంపెడెన్సే. కేబుల్ మీద ఫెరైట్ చోక్ (కేబుల్ తొడుగు మీది కరెంట్‌ని ఆపేది) వెయ్యడం మర్చిపోతే రేడియో గదిలోకే కరెంట్ తిరిగొస్తుంది, మైకు మూతికి ఆనితే చురుక్కుమంటుంది. లేదూ మధ్య ఫీడే కావాలంటే అదే బిందువు నుంచి 14కి సుమారు 10 మీటర్ల డైపోల్ ఇంకోటి కింద వేలాడదీయండి, నిష్పత్తి రెండు కాబట్టి దేని పని అది చూసుకుంటుంది. రెండు వైర్ల చివర్లు ఒకదానికొకటి దూరంగా ఉండాలి, దగ్గరైతే పొట్టిది కోసినప్పుడల్లా పొడవుది కదులుతుంది. వీధిలో కరెంటు తీగల వైపు మాత్రం ఏ వైరూ విసరకండి, పడినా తగలనంత దూరం చూసుకుని కట్టండి.

ప్రశ్న: మాది గుంటూరు మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీ. ఆఫీసులో డ్యూయల్ బ్యాండ్ రౌటర్ ఉంది, చాంబర్ లోపలికి వెళ్తే స్టాక్ చూసే ట్యాబ్ పనిచెయ్యదు. ఆన్‌లైన్లో 20 సెంటీమీటర్ల డ్యూయల్ బ్యాండ్ యాంటెన్నా, 9 డీబీఐ (గెయిన్ కొలత) అని అమ్ముతున్నారు. నాలుగు కొనమంటారా? (గుంటూరు)

జవాబు: కొనకండి. మీ చాంబర్ గోడలు పఫ్ ప్యానెల్‌వి అని రాశారు, అంటే నురుగుకి రెండు పక్కలా ఇనుప రేకు. ఆ రేకుల్లోంచి 2.4 అయినా 5 అయినా పోదు, తలుపు తీసినప్పుడు సందుల్లోంచి వచ్చేదే మీకు దొరుకుతోంది. లోపలికి ఒక ల్యాన్ కేబుల్ లాగి అక్కడే ఒక యాక్సెస్ పాయింట్ పెట్టండి, ఆ చలికీ తేమకీ తట్టుకునే రకం చూసి. నాలుగు యాంటెన్నాల డబ్బుకి ఇంకొంచెం కలిపితే అయిపోతుంది.

ఆ 9 డీబీఐ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అందరూ ఇదే చూసి మోసపోతున్నారు. నిలువు కర్రలాంటి యాంటెన్నా గెయిన్ దాని పొడవులో ఎన్ని తరంగాలు పడతాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ సంఖ్యకి రెండింతల దగ్గర దాని హద్దు. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం 12.2 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్లలో 1.6 తరంగాలు పడతాయి, అంటే గెయిన్ మహా అయితే మూడింతల చిల్లర, 5 డీబీఐ. 5.5 దగ్గర తరంగం ఐదున్నర సెంటీమీటర్లు, 3.7 తరంగాలు, అక్కడ 8 దాటి 9 దగ్గరికి రావచ్చు, అదీ లోపల అంతా పక్కాగా ఉంటే. ప్యాకెట్ మీద ఒకే అంకె వేసి రెండు బ్యాండ్లకీ అదే అన్నట్టు అమ్మితే ఒక బ్యాండ్‌లో తప్పకుండా అబద్ధం ఉన్నట్టే. పైగా గెయిన్ అంటే కొత్తగా పుట్టే పవర్ కాదు, పైకీ కిందికీ పోయేదాన్ని అడ్డంగా నొక్కడం, కాబట్టి గెయిన్ ఎక్కువున్న కర్ర పెడితే మీ పై అంతస్తులో సిగ్నల్ ఇంకా తగ్గుతుంది.

ప్రశ్న: అన్నా, నేను సర్వే పనులకి వెళ్తుంటాను, రీసర్వేలో వాడే లాంటి రోవర్ (సెంటీమీటర్ల లెక్కన చోటు చెప్పే జీపీఎస్ సెట్) ఉంది. యాంటెన్నా పాడైతే చవకలో చిన్న జీపీఎస్ యాంటెన్నా కొని పెట్టాను. ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి, ఫిక్స్ (పక్కా స్థానం) మాత్రం రావట్లేదు. సెట్ పోయిందంటావా? (అమరావతి రోడ్డు, గుంటూరు)

జవాబు: సెట్ బాగానే ఉండి ఉంటుంది తమ్ముడూ, నువ్వు పెట్టింది ఎల్1 మాత్రమే పట్టే యాంటెన్నా. జీపీఎస్‌లో ఎల్1 1575.42 మెగాహెర్ట్జ్‌లు, ఎల్2 1227.60, ఎల్5 1176.45. రోవర్‌కి కనీసం రెండు కావాలి. సిగ్నల్ అయనోస్ఫియర్‌లోంచి (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరలోంచి) వచ్చేటప్పుడు ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యం ఫ్రీక్వెన్సీ వర్గానికి విలోమంగా ఉంటుంది. రెండు ఫ్రీక్వెన్సీల్లో ఒకే ఉపగ్రహాన్ని వింటే రెండు ఆలస్యాల తేడా తెలుస్తుంది, దాన్నుంచి అసలు ఆలస్యం ఎంతో లెక్కకట్టి తీసెయ్యొచ్చు. సెంటీమీటర్ల ఫిక్స్ త్వరగా దొరకడానికీ ఆ రెండో ఫ్రీక్వెన్సీయే పెద్ద ఆధారం. నీ చిన్న యాంటెన్నా రెండో ఫ్రీక్వెన్సీని లోపలికే రానివ్వట్లేదు.

1575ని 1176తో భాగిస్తే 1.34. ఈ కాలమ్‌లో ఇదే అన్నిటికన్నా ఇరుకు నిష్పత్తి, పక్కపక్కన రెండు చేతులు పెడితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. అందుకే సర్వే యాంటెన్నాల్లో చాలావాటిలో ప్యాచ్ మీద ప్యాచ్ పేరుస్తారు, కింద పెద్దది ఎల్2, ఎల్5 కోసం, పైన చిన్నది ఎల్1 కోసం, పెద్దదే చిన్నదానికి గ్రౌండ్ అవుతుంది. రెండూ కుడివైపు తిరిగే సర్క్యులర్ పోలరైజేషన్‌లో (తరంగం మర తిరిగినట్టు తిరుగుతూ పోయే పద్ధతిలో) ఉండాలి. గోడనో చెరువు నీళ్లనో తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ చాలావరకు ఎడమవైపుకి తిరగబడుతుంది, మంచి యాంటెన్నా దాన్ని తోసేస్తుంది. వీటికి మించి, సిగ్నల్ యాంటెన్నాలో ఏ బిందువు దగ్గర అందినట్టు లెక్కో ఆ ఫేజ్ సెంటర్ రెండు బ్యాండ్లకీ ఒకే చోట ఉండదు, కంపెనీ దాన్ని మిల్లీమీటర్లలో కొలిచి పట్టిక ఇస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో నీ యాంటెన్నా మోడల్ ఎంచుకునేది అందుకే. కాబట్టి డ్యూయల్ బ్యాండ్ అని రాసి ఉంటే చాలనుకోకు, నీ రోవర్ వాడే జత ఎల్1, ఎల్2నా లేక ఎల్1, ఎల్5నా చూసుకుని, ఆ మోడల్ పేరు సాఫ్ట్‌వేర్ లిస్టులో ఉందో లేదో కూడా చూసుకుని కొను. మన నావిక్ (భారత్ సొంత ఉపగ్రహ స్థాన వ్యవస్థ) ఎల్5లోనూ, 2492.028 మెగాహెర్ట్జ్‌ల ఎస్ బ్యాండ్‌లోనూ పంపుతుంది, 2023 మేలో ఎగిరిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం నుంచి ఎల్1 కూడా కలిసింది. కొత్తగా కొనేవాడివి ఎల్5 ఉన్నది తీసుకుంటే అదీ అందుకుంటుంది.

ప్రశ్న: నానో వీఎన్‌ఏ (యాంటెన్నా ఎస్11 కొలిచే చిన్న మీటరు) కొన్నాను. డ్యూయల్ బ్యాండ్ వైఫై యాంటెన్నా పెడితే 5 గిగాహెర్ట్జ్ చూపించట్లేదు, 2.4 దగ్గర కూడా కేబుల్ పట్టుకుంటే గ్రాఫ్ ఊగిపోతోంది. (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: మొదట వచ్చిన నానో వీఎన్‌ఏలు 1.5 గిగాహెర్ట్జ్‌లతో ఆగిపోతాయి, వీ2 రకాలు 3 లేదా 4.4 దాకా వెళ్తాయి. 5 చూడాలంటే 6 దాటి కొలిచే రకం కావాలి, ఉన్నదాన్ని తిట్టి లాభం లేదు. 2.4 దగ్గర కేబుల్ పట్టుకుంటే గ్రాఫ్ కదులుతోందంటే కేబుల్ బయటి తొడుగు మీద కూడా కరెంట్ పారుతోంది, మీ యాంటెన్నా గ్రౌండ్ చిన్నదై కేబుల్‌నే గ్రౌండ్‌గా వాడుకుంటోందన్నమాట. యాంటెన్నా మొదట్లోనే కేబుల్‌కి ఫెరైట్ పూసలు ఎక్కించండి, ఊగడం తగ్గాకే అంకె రాసుకోండి. ఓపెన్, షార్ట్, లోడ్ కాలిబ్రేషన్ (కొలిచే ముందు మూడు ముక్కలు తగిలించి మీటరుని సరిచెయ్యడం) కేబుల్ చివర చెయ్యాలి, మీటరు సాకెట్ దగ్గర కాదు.

ఇంకోటి, ఇది అడగకపోయినా చెప్పాలి. వైఫై యాంటెన్నాలకి ఉండేది ఎక్కువగా ఆర్‌పీ-ఎస్‌ఎంఏ కనెక్టర్, మీటర్లకి ఉండేది మామూలు ఎస్‌ఎంఏ. మరలు చక్కగా బిగుస్తాయి, లోపల మాత్రం రెండు వైపులా రంధ్రమే ఉండి పిన్ను ఉండదు, లేదా రెండు వైపులా పిన్నే ఉంటుంది. మొదటి రకమైతే ఏమీ తగలదు, రెండో రకాన్ని బలంగా తిప్పితే లోపలి పిన్నులే పోతాయి. బిగించే ముందు టార్చి వేసి లోపల చూసి, తేడా ఉంటే మార్పిడి అడాప్టర్ తెచ్చుకోండి.